చదవడానికి ఫ్రీ, వాడుకోవడానికి కాదు: ఓపెన్ యాక్సెస్ చిక్కుముడులు

పరిశోధనా పత్రాలు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉండాలన్న ఓపెన్ యాక్సెస్ ఆలోచన మీద ఎక్కడ వాదన మొదలైనా మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అయిపోతాయి. పరిశోధనా పత్రాన్ని ఎవరు చదవవచ్చు? చదివినదాన్ని ఏం చేసుకోవచ్చు? ప్రచురణ ఖర్చు ఎవరు భరించాలి? మొదటిదానికి జవాబు దొరికితే చాలు, మిగతా రెండూ తేలిపోయాయనుకుంటాం. ఫ్రీగా డౌన్‌లోడ్ అయిన పేపర్‌లోని బొమ్మను అడగకుండా పాఠ్యపుస్తకంలో వేస్తే అది కాపీరైట్ ఉల్లంఘన కావచ్చు. పాఠకుడికి పైసా ఖర్చు లేని పేపర్ కోసం రచయిత వేల డాలర్లు కట్టి ఉండవచ్చు. డబ్బు కట్టి చదవమంటున్న పేపర్‌కే చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఇంకోచోట ఉండి, ఆ సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు. ఈ మూడు ప్రశ్నల్నీ విడివిడిగా పట్టుకుంటే తప్ప గ్రీన్, గోల్డ్, సీసీ బై లాంటి మాటలు ఒక పట్టాన బుర్రకెక్కవు.

డబ్బు ఎటునుంచి ఎటు పోతుంది

మొదటి పరిశోధనా పత్రికలు రెండూ 1665లోనే వచ్చాయి, ఒకటి పారిస్‌లో, ఒకటి లండన్‌లో. జర్నల్ వ్యాసం రాసినవారికి పారితోషికం ఇవ్వరన్న సంప్రదాయం నేటికీ అలాగే ఉంది. పరిశోధనకు డబ్బు ప్రభుత్వమో, ఏదైనా ట్రస్టో ఇస్తుంది. రాసేది పరిశోధకుడు. తప్పొప్పులు చూసే పీర్ రివ్యూయర్లు కూడా పరిశోధకులే, వాళ్లూ ఎక్కువగా ఊరికే చేస్తారు. చివర్లో రచయిత కాపీరైట్‌ను ప్రచురణకర్తకు రాసిస్తాడు. అదే వ్యాసాన్ని అదే యూనివర్సిటీ లైబ్రరీ చందా కట్టి కొనుక్కుంటుంది.

ఇందులో అసలు మెలిక బేరం ఆడే వీలు లేకపోవడం. ఫలానా జర్నల్ ఖరీదెక్కువ, దాని బదులు ఇంకోటి తెప్పిద్దాం అనడానికి లేదు. ఒక్కో వ్యాసం ఒక్క చోటే ఉంటుంది, పరిశోధకుడికి ఆ వ్యాసమే కావాలి. అందుకే చందాలు ఏటా పెరుగుతూ పోయాయి. హార్వర్డ్ లైబ్రరీ సలహా మండలి 2012లో తమ అధ్యాపకులకు రాసిన లేఖలో కొద్దిమంది ప్రచురణకర్తల జర్నళ్లకే ఏటా దాదాపు 37.5 లక్షల డాలర్లు అవుతోందని, ఇది ఇక మోయలేని భారమని చెప్పింది. లోకంలోకెల్లా సంపన్నమైన యూనివర్సిటీ మాట అది. అవతల అతి పెద్ద ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ నడిచే విభాగంలో నిర్వహణ లాభం 35 శాతానికి పైనే ఉంటోందని దాని మాతృసంస్థ వార్షిక నివేదికలే చెబుతాయి.

ప్రచురణకర్తలు ఏమీ చేయరనడం మాత్రం సరికాదు. వచ్చిన వందల వ్యాసాల్లో పనికొచ్చేవి ఏరడం, రివ్యూయర్లను వెతికి వెంటపడటం, కాపీ కొట్టారేమో చూడటం, శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన డీఓఐ నమోదు చేయించడం, ఫైళ్లు ఏళ్ల తరబడి చెడిపోకుండా దాచడం, ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులే. ఖర్చుందా లేదా అన్నది గొడవ కాదు. ఆ ఖర్చుకూ వసూలు చేసే ధరకూ పొంతన ఉందా అన్నదే గొడవ.

అందుబాటులో లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి లైబీరియా ఉదాహరణ చాలు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా విజృంభించినప్పుడు, ఆ వైరస్ ఆ ప్రాంతంలో లేదన్న నమ్మకంతోనే అందరూ ఉన్నారు. నిజానికి 1982లోనే యూరప్ పరిశోధకులు ఒక జర్నల్‌లో, లైబీరియాను ఎబోలా ఉన్న ప్రాంతాల జాబితాలో చేర్చాలని, అక్కడి వైద్య సిబ్బంది అప్రమత్తంగా ఉండాలని రాశారు. ఆ దేశ ఆరోగ్య అధికారులకు ఆ సంగతి తెలియదు. 2015లో వాళ్లే న్యూయార్క్ టైమ్స్‌లో ఈ విషయం బయటపెడుతూ, అలాంటి పేపర్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకోవాలంటే 45 డాలర్లు అవుతుందని, అది అక్కడి డాక్టర్‌కు దాదాపు సగం వారం జీతమని చెప్పారు. పేవాల్ (డబ్బు కడితేనే తెరుచుకునే అడ్డుగోడ) ఒక్కటే కారణం కాదని కూడా వాళ్లే అన్నారు. లైబీరియాలో రక్తనమూనాలు తీసుకుని చేసిన ఆ పరిశోధనల్లో లైబీరియా రచయిత ఒక్కరూ లేరు. పేపర్ తెరిచి పెట్టినంత మాత్రాన అది చేరాల్సినవాళ్లకు చేరదు. ఈ రెండో సమస్య ఓపెన్ యాక్సెస్ చర్చల్లో తరచూ మరుగున పడుతుంది.

రెండు దారులు

ఇంటర్నెట్ వచ్చాక ప్రతి తీయడానికయ్యే ఖర్చు దాదాపు సున్నా అయింది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో ఫిజిక్స్ పేపర్ల కోసం ఒక సర్వర్ పెట్టాడు. జర్నల్‌లో రాకముందే పేపర్‌ను అక్కడ పెట్టేయడం ఫిజిక్స్‌లో అలవాటైపోయింది. అదే నేటి ఆర్కైవ్ (arXiv), 2001లో అది కార్నెల్ యూనివర్సిటీకి మారింది. 2002 ఫిబ్రవరి 14న వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన ఈ ఆలోచనకు ఓపెన్ యాక్సెస్ అని నిర్వచనం ఇచ్చి రెండు దారులు చూపింది. ఒకటి, ఎక్కడ ప్రచురించినా ఒక ప్రతిని బహిరంగ రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టడం. రెండు, జర్నలే అందరికీ తెరిచి ఉండటం. మొదటిదాన్ని గ్రీన్ అనీ, రెండోదాన్ని గోల్డ్ అనీ అంటున్నారు. ఆ నిర్వచనంలో చదవడమే కాదు, పంచడం, ముద్రించడం, వెతకడం, సాఫ్ట్‌వేర్‌కు అందించడం కూడా ఉన్నాయి. తర్వాతి ఇరవై ఏళ్లలో చాలామంది మొదటి ముక్కే గుర్తుపెట్టుకున్నారు.

గ్రీన్: చవకైనది, నిర్లక్ష్యానికి గురైనది

గ్రీన్ దారిలో రచయితకు ఖర్చు లేదు. అయినా పని జరగదు, ఎందుకంటే ఏ ప్రతి పెట్టొచ్చో చాలామందికి తెలియదు. ఒక పేపర్‌కు మూడు రూపాలు ఉంటాయి. జర్నల్‌కు పంపిన తొలి రాతప్రతి, అంటే ప్రీప్రింట్. రివ్యూయర్లు చెప్పిన మార్పులన్నీ చేశాక ఎడిటర్ ఆమోదించిన రాతప్రతి, దీన్ని యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అంటారు. ఆ తర్వాత జర్నల్ లోగో, పేజీ నంబర్లు, రెండు కాలమ్‌ల అమరికతో వచ్చే ఫైనల్ పీడీఎఫ్. విషయపరంగా రెండో దానికీ మూడో దానికీ సాధారణంగా పెద్ద తేడా ఉండదు. హక్కుల పరంగా మాత్రం ఎంతో తేడా. ఆమోదించిన రాతప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో పెట్టుకోవడానికి ఎక్కువ జర్నళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని వెంటనే, కొన్ని 6 నుంచి 24 నెలల ఎంబార్గో (తెరవకుండా ఆగాల్సిన గడువు) తర్వాత. లోగో ఉన్న ఫైనల్ పీడీఎఫ్‌ను పెట్టడానికి చందా జర్నళ్లు మామూలుగా ఒప్పుకోవు.

జరిగేదేమిటంటే, రచయిత రెండేళ్ల తర్వాత రిపాజిటరీ గుర్తొచ్చి చేతికి దొరికిన ఫైనల్ పీడీఎఫ్ ఎక్కిస్తాడు. లైబ్రేరియన్ అది చెల్లదంటారు. ఆమోదించిన రాతప్రతి ఏదని అడిగితే, ఫోల్డర్‌లో "ఫైనల్", "ఫైనల్2", "ఫైనల్_నిజంగా" అని మూడు ఫైళ్లు ఉంటాయి. వాటిలో ఎడిటర్ ఆమోదించింది ఏదో రాసినవాళ్లకే గుర్తుండదు. దీనికి మందు ఒక్కటే: ఆమోదం తెలిపే ఈమెయిల్ వచ్చిన రోజే ఆ ఫైల్‌ను తేదీతో వేరే పేరు పెట్టి రిపాజిటరీలో ఎక్కించేయడం. ఎంబార్గో ఉంటే ఆ తేదీని రిపాజిటరీలోనే నమోదు చేయవచ్చు. గడువు తీరగానే ఫైల్ దానంతటదే తెరుచుకుంటుంది.

ఏ జర్నల్ ఏ ప్రతికి ఎప్పుడు ఒప్పుకుంటుందో చూడటానికి బ్రిటన్‌లోని జిస్క్ సంస్థ నడిపే ఉచిత సేవ ఉంది. చాలాకాలం షెర్పా రోమియో అన్నారు, ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్ అంటున్నారు. వ్యాసం పంపకముందే అందులో జర్నల్ పేరు కొట్టి చూసుకోవాలి. ఒప్పందంపై సంతకం పెట్టాక చూస్తే చేసేదేమీ ఉండదు.

పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు పట్టుబట్టిన చోట గ్రీన్ దారి బాగా నడిచింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ 2005లో స్వచ్ఛందంగా పెట్టమంటే చాలా కొద్దిమందే పెట్టారు. 2008 నుంచి తప్పనిసరి చేసి, 12 నెలల గడువిచ్చింది. దాని రిపాజిటరీ పబ్మెడ్ సెంట్రల్ ఆ తర్వాతే నిండింది. 2025 జూలై 1 నుంచి ఆమోదం పొందిన వ్యాసాలకు ఆ 12 నెలల గడువు కూడా తీసేసింది. యూరప్ నిధుల సంస్థలు కొన్ని కలిసి 2018లో ప్రకటించి 2021 నుంచి అమలు చేస్తున్న ప్లాన్ ఎస్‌లో ఇంకో ఎత్తుగడ ఉంది. వ్యాసం పంపేటప్పుడే "దీని ఆమోదిత రాతప్రతికి సీసీ బై లైసెన్స్ వర్తిస్తుంది" అన్న వాక్యాన్ని, అంటే పేరు చెప్పి ఎవరైనా దాన్ని వాడుకోవచ్చన్న మాటను, రచయిత అందులో రాసేయాలి. ప్రచురణకర్తతో ఒప్పందం కంటే ముందే ఆ హక్కు ఖరారవుతుంది. దీన్ని రైట్స్ రిటెన్షన్ అంటారు.

ఒక జాగ్రత్త. పరిశోధకుల సోషల్ నెట్‌వర్క్ సైట్లలో పేపర్ పెట్టడం రిపాజిటరీలో పెట్టినట్టు కాదు. అవి వ్యాపార సంస్థలు. లాగిన్ అడుగుతాయి, ఫైళ్లు తీసేస్తాయి, మూతపడవచ్చు కూడా.

గోల్డ్: బిల్లు ఎవరి చేతికి వచ్చింది

జర్నల్ మొత్తం తెరిచి ఉంటే చందా ఉండదు. మరి ఖర్చు? ఎక్కువగా పేరున్న పరిష్కారం ఏపీసీ, అంటే వ్యాసం ఆమోదించాక రచయిత దగ్గర వసూలు చేసే ప్రచురణ రుసుము. బయోమెడ్ సెంట్రల్, పీఎల్ఓఎస్ లాంటి ప్రచురణ సంస్థలు 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఈ పద్ధతిని నిలబెట్టాయి. సాధారణంగా ఇది కొన్ని వందల నుంచి కొన్ని వేల డాలర్ల దాకా ఉంటుంది. నేచర్ జర్నల్ 2021లో ఓపెన్ యాక్సెస్ అవకాశం ఇస్తూ పెట్టిన ధర 9,500 యూరోలు.

దీంతో గోడ చోటు మారింది. చందా పద్ధతిలో చదవలేనివాళ్లు బయట ఉండిపోయేవారు, ఏపీసీ పద్ధతిలో రాయలేనివాళ్లు బయట ఉండిపోతారు. అల్పాదాయ దేశాల రచయితలకు చాలామంది ప్రచురణకర్తలు రుసుము మాఫీ చేస్తారు. మధ్యాదాయ దేశాల్లో గ్రాంటు లేని పరిశోధకులు, గైడ్ దగ్గర నిధులు అయిపోయిన పీహెచ్‌డీ విద్యార్థులు, సామాజిక శాస్త్రాలవాళ్లు నలిగిపోతారు. మాఫీ అడగాలంటే వ్యాసం పంపేటప్పుడే అడగాలి. ఆమోదం వచ్చాక, బిల్లు తయారయ్యాక అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది. ఒప్పుకున్న ప్రతి వ్యాసానికీ డబ్బు వస్తుందంటే, ఒప్పుకోవడంలోనే లాభం ఉంది. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ కావాలని తప్పులు పెట్టి రాసిన నకిలీ కేన్సర్ మందు పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 ఒప్పుకున్నాయి. చందా జర్నళ్లకు పంపలేదు కాబట్టి వాటితో పోలిక లేదన్న విమర్శ న్యాయమైనదే. కానీ ఆ 157 మాత్రం నిజం. పేరున్న సంస్థలకూ ఇది తప్పలేదు. వైలీ అనే పెద్ద ప్రచురణ సంస్థ కొన్న హిందావీ జర్నళ్లలో ప్రత్యేక సంచికల పేరుతో పేపర్ మిల్లుల (నకిలీ వ్యాసాలు తయారుచేసి అమ్మేవాళ్ల) సరుకు చొరబడింది. 2023లో ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా వ్యాసాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఆ తర్వాత హిందావీ పేరునే పక్కన పెట్టేశారు.

ఒక జర్నల్ అసలుదో దొంగదో తేల్చడానికి అరగంట చాలు. పత్రికలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్ఎస్ఎన్ నంబర్‌ను అధికారిక ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో కొడితే అదే పేరు, అదే వెబ్‌సైట్ రావాలి. ఎందుకంటే నిజమైన జర్నల్ పేరుతోనే నకిలీ సైట్ నడిపేవాళ్లున్నారు. డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల సూచికలో ఉందో లేదో చూడాలి. పాత సంచికలోని రెండు మూడు డీఓఐలు నొక్కితే ఆ వ్యాసాల దగ్గరికే వెళ్లాలి. సంపాదకవర్గంలో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో వెతకాలి. అడగకుండానే తమ పేరు పెట్టుకున్నారని ఆశ్చర్యపోయే ప్రొఫెసర్లు తక్కువమంది కాదు. మూడు రోజుల్లో రివ్యూ, వారంలో ప్రచురణ అన్నారంటే రివ్యూ జరగదనే లెక్క. రుసుము ఎంతో ముందుగా రాసి ఉండకపోతే అక్కడితో ఆగిపోవడం మంచిది. ఒకసారి ఇరుక్కుంటే బయటపడటం కష్టం. వ్యాసం వెనక్కి ఇవ్వాలంటే ఉపసంహరణ రుసుము కట్టమంటారు, ఈలోగా సైట్‌లో పెట్టేస్తారు. ఒక చోట ప్రచురితమైన వ్యాసాన్ని ఇంకే మంచి జర్నలూ తీసుకోదు.

మిగతా రంగులు

చందా జర్నల్‌లోనే డబ్బు కట్టిన వ్యాసాన్ని మాత్రం తెరిచి పెడితే అది హైబ్రిడ్. అదే జర్నల్‌కు లైబ్రరీ చందా, రచయిత రుసుము రెండూ అందుతాయి. ఈ రెండుచేతుల వసూలును ఆపడానికే చదవడం, ప్రచురించడం రెంటికీ కలిపి దేశం మొత్తానికి ఒకే ఒప్పందం చేసుకోవడం మొదలైంది. జర్మనీ డీల్ ప్రాజెక్టు కింద 2019లో వైలీతో, 2020లో స్ప్రింగర్ నేచర్‌తో, ఏళ్ల తరబడి పేచీ తర్వాత 2023లో ఎల్సెవియర్‌తో ఒప్పందాలు కుదిరాయి. భారత ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వేరే రకం. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తుంది. ఆ సంస్థల విద్యార్థులకు ఇది పెద్ద మేలే. అయితే ప్రధానంగా ఇది చందా, ఓపెన్ యాక్సెస్ కాదు. చందా ఆగితే తలుపు మూసుకుంటుంది, సంస్థ బయట ఉన్న డాక్టర్‌కో, విలేకరికో, రైతు సంఘానికో అది ఎప్పుడూ తెరుచుకోదు.

బ్రాంజ్ అంటే ప్రచురణకర్త తన ఇష్టంతో ఫ్రీగా పెట్టింది, లైసెన్స్ ఏమీ రాయకుండా. మహమ్మారి కాలంలో అలా తెరిచినవి తర్వాత మళ్లీ మూసే హక్కు వాళ్లకుంది. ఇలాంటి పేపర్ ఈరోజు కనిపించిందని పాఠ్యాంశంలో లింక్ పెడితే వచ్చే ఏడాది విద్యార్థులకు బిల్లు కనిపించవచ్చు.

డైమండ్ పద్ధతిలో పాఠకుడూ కట్టడు, రచయితా కట్టడు. యూనివర్సిటీలు, విద్వత్సంఘాలు, ప్రభుత్వాలు ఖర్చు పెట్టుకుంటాయి. లాటిన్ అమెరికాలో ఇది కొత్తేమీ కాదు. బ్రెజిల్‌లో పుట్టిన సైలో అనే జర్నళ్ల వేదిక 1990ల చివరినుంచే నడుస్తోంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచంలో ఇలాంటి జర్నళ్లు 17,000 నుంచి 29,000 వరకు ఉండవచ్చని అంచనా వేసింది. చాలామంది వాడే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. న్యాయంగా ఆలోచిస్తే అన్నిటికంటే మెరుగైన దారి ఇదే. బలహీనత మనుషుల్లో ఉంది. ఇద్దరు ముగ్గురు స్వచ్ఛందంగా మోస్తారు, వాళ్లలో ఒకరు రిటైరైతే సర్వర్ రెన్యువల్ కూడా మరిచిపోతారు. 2000 నుంచి 2019 మధ్య 174 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని పరిశోధకులు లెక్కతేల్చారు. కొత్తగా జర్నల్ పెట్టేవాళ్లు లాక్స్, క్లాక్స్, పోర్టికో లాంటి భద్రపరిచే వ్యవస్థల్లో చేరే పనిని తొలి సంచికకు ముందే పూర్తిచేయాలి.

ఇన్ని దారులున్నా పరిశోధకులు ఖరీదైన జర్నళ్ల వెంటే ఎందుకు పడతారంటే, ఉద్యోగం, ప్రమోషన్ ఆ జర్నల్ పేరు మీద, దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ వ్యాసాలను సగటున ఎంతగా ఉటంకిస్తారో చెప్పే అంకె) మీద ఆధారపడ్డాయి కాబట్టి. పరిశోధనను జర్నల్ కొలమానంతో తూకం వేయొద్దని 2013లో వచ్చిన డోరా ప్రకటనపై వేల సంస్థలు, వ్యక్తులు సంతకం పెట్టారు. నియామక కమిటీ గదిలోకి వెళ్లాక ఆ సంతకం ఎంతమందికి గుర్తుంటుందన్నది వేరే సంగతి. ఇది మారకుండా ప్రచురణకర్తలను మాత్రమే తిట్టడం సగం నిజమే.

లైసెన్స్: చదివాక ఏం చేయవచ్చు

పేపర్ మొదటి పేజీ అడుగునో, వెబ్ పేజీ చివరనో ఒక చిన్న వాక్యం ఉంటుంది. మొదట చూడాల్సింది అదే. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ బై అన్నిటికంటే ఉదారమైనది. పేరు చెబితే చాలు, అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్మకానికి పెట్టే పుస్తకంలోనూ వాడవచ్చు. దానికి ఎస్ఏ తోడైతే, మీరు తయారుచేసినదాన్ని కూడా అదే లైసెన్స్ కింద పంచాలి. ఎన్‌సీ ఉంటే వాణిజ్య అవసరాలకు వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు.

ఆ చివరిదే మనబోటి భాషలవాళ్లకు అడ్డుపడుతుంది. అనువాదం కూడా మార్పు కిందే లెక్క. సీసీ బై ఎన్‌డీ ఉన్న పేపర్‌ను తెలుగులోకి అనువదించి ఇంట్లో దాచుకోవచ్చు, నలుగురికీ పంచాలంటే హక్కుదారును అడగాలి. తన మాటల్ని ఎవరైనా వక్రీకరిస్తారేమోనన్న భయంతో రచయితలు ఎన్‌డీ ఎంచుకుంటారు. నిజానికి సీసీ బైలో కూడా మార్పులు చేసినట్టు చెప్పి తీరాలి, రచయిత దాన్ని ఆమోదించినట్టు సూచించకూడదు. ఎన్‌సీ వల్ల ఇంకో నష్టం ఉంది. అలాంటి బొమ్మల్ని వికీపీడియాలోకి తీసుకోరు, ఎందుకంటే అక్కడి వ్యాసాల లైసెన్స్ వాణిజ్య వాడకాన్ని కూడా అనుమతిస్తుంది.

సీసీ బై పేపర్‌లో ఉన్నదంతా సీసీ బై కాకపోవచ్చు. బొమ్మ కింద "ఫలానావారి అనుమతితో" అని ఉంటే ఆ బొమ్మకు ఆ లైసెన్స్ వర్తించదు. పేరు చెప్పడమంటే "సౌజన్యం: ఇంటర్నెట్" అని రాయడం కాదు. రచయిత పేరు, పేపర్ శీర్షిక, దొరికిన చోటు, లైసెన్స్, చేసిన మార్పు, ఈ అయిదూ ఉండాలి. బొమ్మ కిందైతే పేరు, శీర్షిక, డీఓఐ లింక్ రాశాక "సీసీ బై 4.0 లైసెన్స్ కింద, భాగాల పేర్లు తెలుగు చేశాం, రంగులు మార్చాం" అంటే సరిపోతుంది.

చాలామంది మరిచిపోయే సంగతి: కాపీరైట్ మాటలకూ బొమ్మలకూ ఉంటుంది, వాస్తవాలకూ ఆలోచనలకూ ఉండదు. ఎంత గట్టి పేవాల్ వెనకున్న పేపరైనా, అందులో తేలిన విషయాన్ని సొంత మాటల్లో వివరించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పేవాల్ ఎదురైతే

డీఓఐ కాపీ చేసుకోండి, అది 10తో మొదలవుతుంది. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే పేజీ తెరవగానే చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉందేమో చూసి పక్కన పచ్చ తాళం చూపిస్తుంది. లేకపోతే గూగుల్ స్కాలర్‌లో శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికి, ఫలితం కింద అన్ని వెర్షన్లూ చూపించే లింక్ నొక్కాలి. యూనివర్సిటీ రిపాజిటరీ ప్రతి తరచూ అక్కడే దాగి ఉంటుంది. శీర్షిక మారి ఉంటే రచయిత పేరుతో ఆర్కైవ్‌లోనో, జీవశాస్త్ర ప్రీప్రింట్లు ఉండే బయోఆర్కైవ్‌లోనో వెతకాలి. ఇవేవీ ఫలించకపోతే రచయితకు మూడు వాక్యాల ఈమెయిల్ రాయడం మంచి పని: ఏ పేపర్, ఎందుకు కావాలి, ప్రతి పంపగలరా. ఎక్కువమంది సంతోషంగా పంపుతారు. ప్రయోగం వివరాలు అడిగితే ఇంకా సంతోషిస్తారు.

పేవాల్ వెనకున్న పేపర్లను అనుమతి లేకుండా ఫ్రీగా ఇచ్చే సైట్, అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో పెట్టిన సై-హబ్ గురించి చెప్పకపోతే ఈ వివరణ అసంపూర్ణం. అది కాపీరైట్‌ను ఉల్లంఘిస్తుంది. 2017లో న్యూయార్క్ కోర్టు ఎల్సెవియర్‌కు 1.5 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పిచ్చింది. దాని వాడకం చూస్తే అవసరం ఎంతుందో తెలుస్తుంది, కానీ దానిమీద ఏ లైబ్రరీ విధానాన్నీ కట్టలేం.

దొరికిన ప్రతి ప్రీప్రింట్ అయితే, అది ఇంకా రివ్యూ కాలేదని గుర్తుంచుకుని, తర్వాతి వెర్షన్ వచ్చిందేమో చూడాలి. వెనక్కి తీసుకున్న పేపర్ల ఉచిత ప్రతులు రిపాజిటరీల్లో ఏ హెచ్చరికా లేకుండా మిగిలిపోతుంటాయి. జర్నల్ పేజీలో క్రాస్‌మార్క్ బటన్ నొక్కినా, 2023 నుంచి డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ చేతిలోకొచ్చి అందరికీ తెరుచుకున్న రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో (వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితాలో) వెతికినా నిమిషంలో తేలిపోతుంది.

డేటా

పేపర్ తెరిచి ఉన్నా, దాని వెనక డేటా లేకపోతే తప్పొప్పులు సరిచూసుకోలేం. మానవ జన్యుక్రమం ప్రాజెక్టు శాస్త్రవేత్తలు 1996లో బెర్ముడాలో కూర్చుని, చదివిన క్రమాన్ని 24 గంటల్లో బయటపెట్టాలని ఒప్పుకున్నారు. అది మినహాయింపు. మామూలు పేపర్లలో "డేటా కావాలంటే అడగండి" అని ఉంటుంది. అలా రాసిన 1,792 పేపర్ల రచయితలను నిజంగానే అడిగి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. 93 శాతం మంది జవాబివ్వలేదు, లేదా ఇవ్వమన్నారు.

డేటాను జెనోడో లాంటి రిపాజిటరీలో ఉచితంగా పెట్టవచ్చు, డీఓఐ కూడా ఇస్తారు. పెట్టడం కంటే పనికొచ్చేలా పెట్టడమే కష్టం. ఉష్ణోగ్రతల కాలమ్‌లో తొమ్మిది చోట్ల 30, కొలవని పదో చోట -99 ఉందనుకుందాం. -99 అంటే కొలవలేదని రీడ్‌మీ ఫైల్‌లో (డేటాతో పాటు పెట్టే వివరణలో) రాయకపోతే, వాడుకునేవాళ్లకు సగటు 30 బదులు 17.1 వస్తుంది. అందుకే ప్రతి కాలమ్‌కు పేరు, ప్రమాణం, ఖాళీకి వాడిన గుర్తు రాసి తీరాలి. ఎక్సెల్‌లో దాస్తే ఇంకో ప్రమాదం. అది సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంది. ఎక్సెల్ జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో జన్యువులకే పేర్లు మార్చాల్సి వచ్చింది. సీఎస్‌వీ ఫైల్‌గా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్‌గా) దాచి, దాన్ని ఎక్సెల్‌లో మామూలుగా తెరవకుండా దిగుమతి చేసుకునేటప్పుడు ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుంటే ఈ బెడద ఉండదు. రోగుల వివరాలుంటే మాత్రం పేర్లు తీసేయడం చాలదు. చిన్న ఊరు, వయసు, అరుదైన జబ్బు, ఈ మూడూ కలిస్తే మనిషి దొరికిపోతాడు.

సమాజానికి చేరే మాట

తెరిచిన పేపర్ సామాన్యుడికి అర్థమవుతుందన్న హామీ లేదు. యూరోపియన్ యూనియన్ 2014 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధన దీన్ని గుర్తించింది. మందు ప్రయోగం ముగిసిన ఏడాదిలోపు ఫలితాల సారాంశాన్ని సాధారణ ప్రజలకు అర్థమయ్యే భాషలో కూడా సమర్పించాలంది. అలాంటి సారాంశం రాయడంలో అందరూ తడబడే చోటు అంకెలు. "ముప్పు 50 శాతం తగ్గింది" అన్నది నిజమే కావచ్చు. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ఒక్కరికి వచ్చినా 50 శాతమే, 400 మందికి వచ్చేది 200 మందికి వచ్చినా 50 శాతమే. అందుకని శాతం పక్కనే వెయ్యిమందిలో ఎంతమందికి, ఎన్నాళ్లలో అన్నది రాయాలి. ప్రయోగం ఎలుకల మీదా మనుషుల మీదా అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి, ఎందుకంటే వార్తగా మారేటప్పుడు ముందుగా రాలిపోయే ముక్క అదే. ఎంతమంది మీద చేశారు, ఎవరు డబ్బిచ్చారు, ఈ అధ్యయనం తేల్చనిది ఏమిటి అన్నవి ఒక్కో వాక్యం. చివర డీఓఐ, సారాంశం రాసిన తేదీ ఉండాలి. మూల పేపర్‌ను వెనక్కి తీసుకున్నారని తెలిసిన రోజున సారాంశం పైభాగంలోనే ఆ మాట చేర్చాలి, పేజీని తీసేస్తే అప్పటికే పంచుకున్నవాళ్లకు అది తెలిసే దారి ఉండదు.